ముహూర్తమునకు ముందు అడుగవలసిన ప్రశ్న



గత వారం మా మేనల్లుడు హైదరాబాదు నుండి ఫోను చేసి, "మామయ్యా, కొత్త కారుకు మంచి ముహూర్తం చూడండి" అన్నాడు. ఏ కారు నాయనా అని అడిగితే మెర్సిడెస్ సీ-క్లాస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ అను రెండింటి మధ్య ఊగిసలాడుతున్నాడట. ఏది కొన్నా పన్నులన్నీ కలిపితే అరవై లక్షలు దాటుతుంది. పది లక్షల పైచిలుకు చేతినుండి, 50 లక్షలు బ్యాంకు నుండి. ఇంటి ఋణం ఇంకా తీరలేదు. ఉన్న కారుకు ఏమైందని అడిగాను. "ఏమీ కాలేదు, బాగానే నడుస్తోంది" అని కాసేపు ఆగి, "మా అపార్టుమెంటు పార్కింగులో నా బండికి అటూ ఇటూ అలాంటి కార్లే ఉన్నాయి మామయ్యా" అన్నాడు.

వాడు ముహూర్తం అడిగాడు గాని, కొనవలెనా వలదా అని అడుగలేదు. అయినను ఇది వాడొక్కని సమస్య కాదు గనుక, నా సమాధానాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను కారును నిందించబోవడం లేదు. అర్థ కామములు కూడా పురుషార్థములే. గృహస్థు సుఖపడరాదని మన శాస్త్రం ఎక్కడా శాసించలేదు. నా విరోధం ఆ వాహనంతో కాదు; దానిని సమర్థించుటకు నేడు మనవారు చెప్పే వాదములతో.

మొదటి పూర్వపక్షం: "శ్రీసూక్తమే లక్ష్మీదేవిని ముందు అశ్వములతో, నడుమ రథములతో వర్ణించింది కదా! వచ్చిన ఐశ్వర్యాన్ని అనుభవించకపోవడం లక్ష్మిని అవమానించడమే." కొందరు ప్రవచనకారులు సైతం ఈ మాటనే తియ్యగా చెప్పుచున్నారు. నిజమే, వేదం సంపదను కోరింది. అయితే ఎప్పుడు కోరింది? తైత్తిరీయ శీక్షావల్లిలోని ఆవహంతీ మంత్రములను అధ్యయనం చేసినవారికి ఆ క్రమం తెలియును. అక్కడ ప్రార్థన మొదట మేధ కొరకు. వస్త్రములు, గోవులు, అన్నపానములు, శ్రీ ఆ తరువాత. శంకర భగవత్పాదులు తమ భాష్యంలో దీనికి కారణం చెప్పారు: మేధ లేనివానికి వచ్చిన సంపద అనర్థమునకే దారితీస్తుంది. ఇంతకును, బ్యాంకు ఇచ్చినది ఐశ్వర్యం కాదు, ఋణం. ఋణమును లక్ష్మీకటాక్షమని పిలుచుట కంటె ఆ తల్లికి వేరొక అవమానం ఉన్నదా? ఈ లోకంలోను, పరలోకంలోను, మూడవ లోకంలోను ఋణరహితులమై ఉందుముగాక అని అథర్వవేదం ప్రార్థించింది. ఋషి ఋణం, దేవ ఋణం, పితృ ఋణం అను మూడింటితో పుట్టినవాడు, వాటిని తీర్చుకొను ఆలోచన లేకుండా నాలుగవదానికి సంతకం పెట్టుచున్నాడు.

రెండవ పూర్వపక్షం: "దేవుళ్ళకు వాహనాలు లేవా? రథోత్సవాలు చేయడం లేదా?" చేయుచున్నాము. తిరుమల బ్రహ్మోత్సవాలలో తొమ్మిది రోజులు స్వామి శేష, హంస, సింహ, గరుడాది వాహనములపై మాడవీధులలో ఊరేగుతాడు. ఎనిమిదవ నాడు రథోత్సవం. ఆ ఊరేగింపు ఎవరి కొరకు? గర్భాలయము వరకు చేరలేని వృద్ధునికి, రోగికి, పసిబిడ్డకు దర్శనమిచ్చుటకు స్వామియే బయటకు వస్తాడు. ఆ రథమును లాగుటకు వేయి చేతులు కావాలి. సేవ ముగియగానే వాహనం తన మండపానికి చేరుతుంది, స్వామి తన సన్నిధికి. పదిమంది చూడవలెనని కొన్న కారుకు, పదిమందిని చూచుటకు కదలిన రథముతో సామ్యం చెప్పరాదు.

మూడవ పూర్వపక్షం కొంత గౌరవింపదగినది: "భార్యాబిడ్డల రక్షణ కొరకు." రక్షణ గృహస్థధర్మమే, కాదనను. కాని మన దేశంలో 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్షా విధానం అమలులో ఉన్నది. అందులో అయిదు నక్షత్రములు పొందిన కార్లు మధ్యతరగతి ధరలలో అనేకం లభించుచున్నవి. డిజైర్ వంటి సామాన్య సెడాన్ సైతం అయిదు నక్షత్రములు సాధించింది. రక్షణయే లక్ష్యమైతే అన్వేషణ అక్కడ మొదలుకావాలి. పార్కింగులో పొరుగువాని బండి దగ్గర కాదు.

ఇక లెక్క. వేదాంతులకు లెక్కలు రావని అనుకొనవద్దు. సంవత్సరానికి 9 శాతం వడ్డీ, 7 సంవత్సరాల గడువు అనుకొంటే, 50 లక్షల ఋణానికి నెలసరి వాయిదా సుమారు 80,400 రూపాయలు. 84 వాయిదాలు ముగియునప్పటికి చెల్లించినది 67 లక్షల 50 వేల పైమాట. అందులో 17 లక్షల 50 వేలకు పైగా వడ్డీయే. ఈ తరగతి కార్లపై 2025 సెప్టెంబరు 22 నుండి జీఎస్టీ 40 శాతం. రాష్ట్రం వసూలు చేసే జీవితకాల పన్ను దానికి అదనం. ఇటు అప్పు ఇట్లుండగా అటు వస్తువు గతి ఏమి? బీమాలో వాహనపు విలువ కట్టే పట్టిక ప్రకారం రెండవ సంవత్సరంలో 20 శాతం, మూడవ సంవత్సరంలో 30, నాలుగవ సంవత్సరంలో 40, అయిదవ సంవత్సరంలో 50 శాతం తరుగు తీసివేస్తారు. అనగా, రెండేండ్ల వాయిదాలు ఇంకను మిగిలియుండగానే వస్తువు విలువ సగమైనది. అనిత్యత్వమును బోధించుటకు ఇంతకంటె స్పష్టమైన పట్టిక నేను చూడలేదు.

కఠోపనిషత్తు రథమును గూర్చి రెండు చోట్ల మాట్లాడింది. రెండవది అందరికీ తెలిసినదే: శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియములు గుఱ్ఱములు, ఆత్మ రథి. కాని దానికి ముందే, మొదటి వల్లిలో, యముడు నచికేతునకు నిజమైన రథములనే ఎర చూపించాడు. నీ వాహనములు నీయొద్దనే ఉండనిమ్మని ఆ బాలుడు నిరాకరించాడు. ఈ వరుసను గమనించండి. వెలుపలి రథం ముందు చలించనివానికే లోపలి రథం సంగతి ఉపదేశింపబడింది. పొరుగువాని కారును చూచి కన్ను పరుగెత్తితే, దాని వెంట మనస్సు, మనస్సు వెంట బుద్ధి ఈడ్వబడితే, ఆ రథానికి సారథి లేడు. చక్రం పట్టుకొన్నవాడు ఎవడైనను, నడుపుచున్నది గుఱ్ఱమే.

ఇప్పుడు మా అర్చకుల దోషం కూడా చెప్పుకొనవలెను. ముప్పది సంవత్సరములుగా వాహనపూజలు చేయించుచున్నాను. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించి, గుమ్మడికాయ దిష్టి తీయించి, దక్షిణ తీసుకొన్నాను. "ఇది నీకు అవసరమా, నీకు భారం కాదు కదా?" అని ఒక్కరినైనను అడుగలేదు. కొన్నేండ్ల క్రితం ఒక గృహస్థు ఇటువంటి కారుకే పూజ చేయించుకొని, ఫలపుష్పములతో పాటు ఘనంగా దక్షిణ ఇచ్చి వెళ్ళాడు. రెండేండ్లకు వాయిదాలు కట్టలేక కారు పోయింది. ఆ తరువాత ఆటోలో వచ్చి, తీర్థం పుచ్చుకొని, నా ముఖం చూడకుండానే వెళ్ళిపోయాడు. ఆయన సిగ్గుపడ్డాడు, సిగ్గుపడవలసినవాడను నేను. యజమాని హితమును కోరువాడే పురోహితుడు. హితం చెప్పక ముహూర్తం మాత్రమే చెప్పువాడు పంచాంగపు పుట వంటివాడు.

అందుచేత మేనల్లునికి నేను చెప్పినది ఇది. "నాయనా, ఆ 80,400 రూపాయలను ఈ నెల నుండి ప్రత్యేకంగా ఒక ఖాతాలో వేయుము. ఒక సంవత్సరం తప్పకుండా వేయుము. ఇంటి వాయిదా ఆగకుండా, తల్లిదండ్రులకు పంపునది తగ్గకుండా, చేయు దానం మానకుండా నీవు ఆ పని చేయగలిగితే, అప్పటికి చేతిలో 9 లక్షల 60 వేలకు పైగా ఉంటుంది. అప్పటికినీ ఆ కారుపై కోరిక నీలో నిలిచియుంటే అది నీ కోరికయే, పార్కింగుది కాదు. నిరభ్యంతరంగా కొనుక్కో, అప్పు అంతమేరకు తక్కువ చేసి. ముహూర్తం నేనే చూస్తాను; నిమ్మకాయలు నేనే తెస్తాను. మూడవ నెలలోనే చేయి బిగుసుకొంటే, ఏడేండ్ల శిక్ష మూడు నెలలతో తప్పినదని సంతోషించు."

వాడు "సరే మామయ్యా" అన్నాడు. ఆ స్వరంలో కొంత నిష్ఠూరం వినిపించింది. ఉండనీయండి. మేనమామ మీద నిష్ఠూరానికి వడ్డీ లేదు.

అర్చక సోదరులకు ఒక్క విన్నపం. ఇకపై ముహూర్తం అడుగవచ్చినవారిని తిథి నక్షత్రములకు ముందు ఆ ఒక్క ప్రశ్న అడుగుదాం. కొన్ని దక్షిణలు తగ్గవచ్చు. కొన్ని ఇండ్లు నిలుస్తాయి.

స్వస్తి.