ఇంటికి ఒక్క ప్రతి

కాపీరైట్ చట్టం (1957) 51వ సెక్షనుకు చివర ఒక చిన్న మినహాయింపు తగిలించి ఉన్నది. హక్కుదారుని అనుమతి లేని ప్రతులను విదేశాలనుంచి దిగుమతి చేసుకోవడం హక్కుల ఉల్లంఘన అని చెప్పిన తరువాత, ఎవరైనా సొంతానికి, ఇంటి వాడుకకు ఒక్క ప్రతి తెప్పించుకొంటే మాత్రం ఆ మాట వర్తించదని అందులో ఉన్నది. ఆ వాక్యం రాసినవారు ఏ పుస్తకాన్ని మనసులో పెట్టుకొన్నారో గాని, అందులో గృహస్థు పట్ల ఒక గౌరవం కనబడుతుంది. సరుకు తెచ్చి అమ్ముకొనేవాణ్ణి ఒక కంటితోను, తెచ్చుకొని చదివేవాణ్ణి, చూచి ఆనందించేవాణ్ణి మరొక కంటితోను చట్టం చూచింది. అనుమతి లేని ప్రతికే ఇంత సడలింపు ఉండగా, నిండు వెల చెల్లించి హక్కుదారునినుంచే కొన్న ప్రతికి ఎంత మర్యాద దక్కాలి? దక్కుతున్నదా అన్నదే నా ప్రశ్న.

తార్నాకలో విశ్వవిద్యాలయానికి దగ్గరగా గది అద్దెకు తీసుకొన్న విద్యార్థి ఒకడు ‘కారా నో క్యోకాయ్’ అనే జపాను చలనచిత్రమాలికను తెప్పించుకోదలచాడనుకొందాం. ‘ది గార్డెన్ ఆఫ్ సిన్నర్స్’ అన్నది దాని ఇంగ్లీషు పేరు. కినోకో నాసు రాసిన నవలకు యుఫోటేబుల్ అనే స్టూడియో కల్పించిన అనిమే రూపం అది. 2007 డిసెంబరు మొదలు 2009 ఆగస్టు వరకు ఏడు చిత్రాలుగా విడుదలయింది. బొమ్మల చిత్రమనగానే పిల్లల వ్యవహారమని పెదవి విరిచే పెద్దలు మనలో ఇప్పటికీ ఉన్నారు. వారు ఇందులో మొదటి చిత్రం చూస్తే చాలు. పాడుబడిన మేడ మీదనుంచి ఆడపిల్లలు ఒకరి తరువాత ఒకరు దూకి చనిపోవడం అందులోని కథ. పిల్లలకు చూపదగినది కానే కాదు. చావుబ్రతుకుల మధ్య గీటు ఎక్కడ ఉన్నదో, ఒక మనిషిలో ఇద్దరు మనుషులు ఎట్లా కాపురముండగలరో వెదకిన ప్రౌఢరచన అది.

పెట్టె మొత్తం ఎందుకు, ఒక్క చిత్రం చాలదా అని అడగవచ్చు. ఈ మాలికలో చిత్రాల వరుస కథాకాలపు వరుస కాదు. మొదటి చిత్రంలోని కథ 1998 నాటిది. రెండవ చిత్రం 1995కు వెనుకకు పోతుంది. మూడవది, నాలుగవది కూడ మొదటిదానికి ముందు జరిగినవే. ఐదవది దాదాపు రెండు గంటల చిత్రం. అందులో కాలం ముక్కలై ముందుకూ వెనుకకూ నడుస్తుంది. కాబట్టి ఐదవ చిత్రం చూస్తున్నవాడు ఆగి నాలుగవదానికి పోవలసి వస్తుంది. ఏడవది ముగించినవాడు రెండవదానిని మరల తీయక తప్పదు. భారతం కొన్నవాడు ఆదిపర్వం చదివి ఆ సంపుటాన్ని అమ్మివేయడు గదా! థియేటరులో ఒకసారి చూచి వచ్చినవాడికి ఇందులో సగమే దక్కుతుంది.

2011 ఫిబ్రవరిలో ఈ ఏడింటినీ ఒక చిన్న ముగింపు భాగంతో కలిపి జపానులో బ్లూ-రే డిస్కుల పెట్టెగా వెలువరించినారు. ఆ పెట్టెనే అమెరికాకు దిగుమతి చేసి సుమారు 400 డాలర్లకు అమ్మినారు. ఆనాటి మారకం లెక్కన దాదాపు 18,000 రూపాయలు. దానిమీద రవాణా ఖర్చు. నేడైతే సరుకు మన దేశానికి చేరగానే కస్టమ్స్ సుంకం, ఐ.జి.ఎస్.టి., గుర్తింపు పత్రాల నకళ్లు. సుంకంతో నాకు తగవు లేదు. ప్రభుత్వం అడుగుతుంది, పౌరుడు కడతాడు. రసీదు చేతికి వస్తుంది.

తగవంతా ఆ తరువాతనే. పెట్టె విప్పి, డిస్కును ఇక్కడ కొన్న ప్లేయరులో పెడితే తెరమీద బొమ్మకు బదులు ఒక హెచ్చరిక రావచ్చు: ఈ డిస్కు ఈ ప్రాంతంలో ఆడదు. బ్లూ-రే పరిశ్రమవారు భూగోళాన్ని ఏ, బి, సి అని మూడు ముక్కలు చేసినారు. జపాను, అమెరికా ‘ఏ’లో ఉన్నవి, ఐరోపాలో ఎక్కువ భాగం ‘బి’లో, మనం చైనా, రష్యాలతోపాటు ‘సి’లో. అంతకు ముందటి డీవీడీలకైతే ముక్కలు ఇంకా ఎక్కువ. అమెరికాకు 1, జపానుకు 2, మనకు 5. అన్ని డిస్కులకూ ఈ గొళ్లెం ఉండదు, కొన్ని ఎక్కడైనా ఆడుతవి. కాని వెల కట్టడానికి ముందు అట్ట వెనుక ఆ చిన్న గుర్తును భూతద్దం పెట్టి వెదకవలసిన గతి కొనేవాడికి పట్టింది.

లాలాగూడవారికి ఈ బాధ సులువుగా అర్థమవుతుంది. నిజాం రైల్వేలో బ్రాడ్ గేజి మార్గం ఒకటి, గోదావరి లోయ మీదుగా మన్మాడుకు పోయే మీటర్ గేజి మార్గం ఒకటి ఉండేవి. ఒక గేజి బండి మరొక గేజి పట్టాలమీద నడవదు. సరుకు దింపి మరల ఎక్కించవలసిందే, ప్రయాణికుడు మూట నెత్తిన పెట్టుకొని బండి మారవలసిందే. అయితే ఆ తేడా ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచననుంచి పుట్టింది. తరువాతి తరాలవారు డబ్బు పోసి పట్టాలు మార్చి ఒకటి చేసుకొన్నారు. డిస్కుమీది తేడా అట్లా పుట్టినది కాదు. ఇక్కడ పట్టాలు ఒకటే, బండి ఒకటే; గేటును మాత్రం కావాలని మూసినారు. ఒకే సరుకును ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క వేళకు, ఒక్కొక్క వెలకు అమ్ముకొనే వీలు కోసం వేసిన గేటు అది. 1893లో వెలసిన లాలాగూడ వర్క్‌షాపు పనివాళ్లు బ్రిటనులో తయారై ఓడలమీద వచ్చిన ఇంజన్లను విప్పి, చూచి, మరల బిగించి బ్రతికినారు. తెప్పించిన యంత్రాన్ని విప్పరాదని అప్పుడెవరైనా అని ఉంటే ఆ పేట పేటగా పెరిగేదే కాదు.

మన చట్టం ఈ విషయంలో కొంత విజ్ఞత చూపకపోలేదు. 2012 సవరణలో చేర్చిన 65ఏ సెక్షను ప్రకారం సాంకేతికమైన అడ్డుకట్టను దాటడం రెండేండ్ల వరకు జైలుశిక్ష పడదగిన నేరం. కాని హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో దాటినప్పుడే. కొన్న డిస్కును తన ఇంట తాను చూచుకొనేవాడి ఉద్దేశం అది కాదని నా అభిప్రాయం. మరొక వైపు, దొంగ ప్రతిని ఇంటర్నెట్‌లోనుంచి దింపుకొనేవాడికి సుంకమూ లేదు, గొళ్లెమూ లేదు, హెచ్చరికా లేదు. డబ్బిచ్చినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి, గోడ దూకినవాణ్ణి లోపల కూర్చోబెట్టే ఏర్పాటు ఇది. దీనివల్ల తమకు ఏమి లాభమో వ్యాపారులే చెప్పాలి.

ఇంత తంటా దేనికి, నెలకు కొంత చందా కడితే కావలసినన్ని చిత్రాలు ఇంట్లోనే దొరుకుతవి గదా అనే మిత్రులు ఉన్నారు. నిజమే, దొరికినంతకాలం దొరుకుతవి. అమెరికాలో ఫ్యూనిమేషన్ అనే సంస్థ తన డిస్కులు కొన్నవారికి వాటితోపాటు ఇంటర్నెట్‌లో చూచుకొనే డిజిటల్ ప్రతులను కూడ ఇస్తూ వచ్చింది. 2024 ఏప్రిల్ 2న ఆ సేవ మూతపడింది. చందాదారులను క్రంచీరోల్‌కు మార్చినారు గాని ఆ డిజిటల్ ప్రతులను మార్చలేదు, అవి పోయినవి. అలమారలో దాచుకొన్న డిస్కు మాత్రం అలమారలోనే ఉన్నది. మన దేశంలో 2004లో వచ్చిన ఆనిమాక్స్ ఛానెల్ 2017లో వెళ్లిపోయింది. దానిని చూస్తూ పెరిగినవారికి జ్ఞాపకం తప్ప మరేమీ మిగలలేదు. ఇంటివాడు ఖాళీ చేయమంటే చేయవలసిందేనన్న సంగతి తార్నాకలో గది తీసుకొన్నవాడికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు లోటుకు వస్తాను. ఇంత వెల పెట్టి, ఇన్ని గేట్లు దాటించి తెచ్చిన ఆ పెట్టెలో మాటలు జపాను భాషవి, సబ్‌టైటిళ్లు ఇంగ్లీషువి. తెలుగు లేదు. విద్యార్థికి ఇంగ్లీషు వచ్చు, చూస్తాడు. పక్కన కూర్చున్న తల్లి మాట ఏమిటి? ఇంటి వాడుక అని చట్టం అన్నది. అది ఒక్కడి వాడుకగానే మిగిలిపోతున్నది. తెలుగుకు గిరాకీ లేదనే సాకు ఇక చెల్లదు. డోరేమాన్, షిన్-చాన్ టెలివిజనులో తెలుగు మాట్లాడినారు. ఇదే యుఫోటేబుల్ తీసిన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ 2025 సెప్టెంబరులో మన థియేటర్లలో తెలుగు మాటలతో ఆడింది. అయితే దానికి పక్కనే మరొక లెక్క కూడ చూడాలి. యుగో సాకో పూనికతో, మన రామ్ మోహన్ కూడ దర్శకత్వంలో పాలుపంచుకోగా, జపానువారు తీసిన రామాయణ చిత్రం 1992లో పూర్తయింది. అది తెలుగు మాటలతో మన థియేటర్లకు 2025 జనవరిలో గాని రాలేదు. భద్రాచలం ఉన్న నేలకు రామకథ రావడానికే ముప్పై ఏండ్లు దాటితే, కినోకో నాసు కథ ఎప్పటికి వచ్చేను?

ఈ విశ్వవిద్యాలయ ఆవరణకు జపాను కొత్తది కాదు. ఉస్మానియా 1918లో ఆరంభమయింది. అంతకు ముందే, 1917లో, పరభాషల శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాదశాఖ ఏర్పడింది. హైదరాబాదు రాజ్యపు విద్యాశాఖాధిపతి రాస్ మసూద్ 1922లో జపానుకు వెళ్లి, ఆ దేశం పరాయి విద్యను తన భాషలోకి ఎట్లా దించుకొన్నదో పరిశీలించి, మరుసటి ఏడు జపాను విద్యావిధానంపై ఇంగ్లీషులో ఒక గ్రంథం వెలువరించినాడు. రాజ్యంలో అధికసంఖ్యాకులు మాట్లాడే తెలుగుకు ఆ ప్రణాళికలో చోటు దొరకలేదు. ఆ కథ తెలంగాణ పాఠకులకు నేను చెప్పనవసరం లేదు. పద్ధతి మాత్రం సరియైనది. పుస్తకాన్ని తెప్పించి బీరువాలో పెట్టడంతో పని ముగిసిందని వారు అనుకోలేదు.

ఇప్పుడు ఆ ఆవరణను ఆనుకొనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. అందులో జపాను భాష నేర్పుతున్నారు. ఉస్మానియాలో తెలుగు శాఖ ఉన్నది. ఒకచోటినుంచి మరొకచోటికి నడిచిపోవచ్చు. ఇటువంటి పెట్టెను ఒక విద్యార్థి కడుపు కట్టుకొని కొనడం కంటె గ్రంథాలయం కొనడం న్యాయం. అధ్యాపకులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంస్థకు సంబంధించినవారు మాత్రమే ప్రేక్షకులైతే, విద్యాసంస్థ తన కార్యక్రమాలలో భాగంగా చలనచిత్రాన్ని చూపడం ఉల్లంఘన కాదని 52వ సెక్షను చెబుతున్నది. తల్లిదండ్రులనుకూడ చట్టం మరవలేదు. వారికోసమైనా తెలుగు కావాలి. తెలుగు సబ్‌టైటిళ్లు రాసి వాడుకలోకి తేవాలంటే హక్కుదారుని అనుమతి అవసరం. అడిగితే కాదనవచ్చు. కాని ఒక కుర్రవాడు రాసిన ఉత్తరానికంటె విశ్వవిద్యాలయపు ముద్ర ఉన్న ఉత్తరానికి జవాబు వచ్చే ఆశ ఎక్కువ.

ఏడు చిత్రాలూ ఒక్కసారి తలకెత్తుకోమని నేననను. మొదటి చిత్రం దాదాపు యాభై నిమిషాలు మాత్రమే. జపాను నేర్చుకొంటున్న నలుగురు, తెలుగు బాగా వచ్చిన నలుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఒక సెలవులలో పని తేలుతుంది. ప్లేయరును మాత్రం ‘ఏ’ ప్రాంతపు డిస్కులు ఆడించేదేనా అని అడిగి మరీ కొనాలి.