గార్డుకి ఇంజెక్షన్ వేయించారా?



పోయిన నెల మన వీధిలో ఏడేళ్ల పిల్లవాణ్ణి కుక్క కరిచింది. ఏ కుక్కో సరిగ్గా ఎవరూ చూడలేదు. గాయాన్ని వెంటనే సబ్బుతో కడిగి ఆస్పత్రికి తీసుకుపోయారు. సూదులన్నీ వేయించారు. పిల్లవాడు బాగున్నాడు. కానీ ఆ సాయంత్రం నుంచి గ్రూపులో ఒకటే మాట: అన్నం పెట్టేవాళ్ల వల్లే ఇదంతా, వచ్చే మీటింగులో తీర్మానం చేసి ఆపించాలి అని. ఆ అన్నం పెట్టేవాళ్లలో మేమిద్దరం ముందు వరసలో ఉన్నాం. అందుకే మా మాట కూడా ఒకసారి వినమని అడుగుతున్నాం.

మా గార్డు మీకందరికీ తెలుసు. గోధుమరంగు, ఒక చెవి కొస తెగి ఉంటుంది. మూడేళ్ల కింద సైనైడ్ దిబ్బల వైపు పొద్దున నడకకు పోతుంటే వెనకాల ఇరవై అడుగుల దూరంలో వచ్చేది. రైలుకి చివర గార్డు పెట్టె లాగా. అందుకే ఆ పేరు. బిస్కెట్టు వేస్తే తినేది కాదు. మేము దూరం పోయాక వచ్చి తినేది. ఎవరి చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నదో మరి. తల మీద చెయ్యి వేయనివ్వడానికి నాలుగు నెలలు పట్టింది.

అప్పటికి మా ఇంటి సంగతి ఏమిటంటే, పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు. ఉద్యోగం అయిపోయింది. మన ఊరి గతి కూడా అంతే కదా. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక సంగు కూతతో నడిచే ఊరికి టైమే లేకుండా పోయింది. చాలా ఇళ్లలో మిగిలింది ముసలివాళ్లు, టీవీ. ఒక్కోరోజు మేమిద్దరం సాయంత్రందాకా పది మాటలు కూడా మాట్లాడుకునేవాళ్లం కాదు. రాత్రి ఏం వండాలి అంటే, ఏదో ఒకటిలే అనుకునేవాళ్లం.

గార్డు వచ్చాక ఆరు గంటలకి గేటు తీయాల్సి వచ్చింది. పొయ్యి వెలిగించాల్సి వచ్చింది. దానికి వండితే మాకూ వండుకున్నట్టే. ఈ రోజు కుంటుతోంది చూశావా, నిన్న తినలేదు ఎందుకో అని మాటలు మొదలయ్యాయి. మేము ఏ గ్రేడులో రిటైరయ్యామో, పెన్షన్ ఎంతో, ఏ కులమో దానికి అక్కర్లేదు. మేము రోజూ రావాలి, అంతే. ఈ వయసులో మన కోసం ఎదురుచూసే ప్రాణి ఒకటి ఉండడం చిన్న సంగతి కాదు. 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన బయటపెట్టారు. కుక్కా దాన్ని పెంచేవాళ్లూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందట. తల్లికీ బిడ్డకీ మధ్య ప్రేమ పెంచేది కూడా అదే హార్మోను.

మేము చదివింది తమిళ మీడియంలో. అక్కడ కుక్కకి ఉన్న గుణాన్ని 'నన్రి' అంటారు, అంటే కృతజ్ఞత. ఇంట్లో తెలుగులో 'విశ్వాసం' అన్నాం. బజారులో కన్నడంవాళ్లు 'నియత్తు' అంటారు. మన కేజీఎఫ్‌లో మూడు భాషలవాళ్లం కుక్కని మెచ్చుకోవడంలో ఒక్కటే. అయితే మూడు మాటలూ కుక్క మనకి ఏం ఇవ్వాలో చెప్పేవే. మనం దానికి ఏం బాకీ ఉన్నామో చెప్పే మాట ఒక్కటీ లేదు. సీతి బెట్టకు పోయి భైరవేశ్వరుడికి దండం పెడతాం. ఇంటికి వచ్చి భైరవుడి వాహనాన్ని రాయి పెట్టి కొడతాం.

ఇది ఊరికే ఇతరులను అనడం కాదు. ఆ పిల్లవాణ్ణి చూడడానికి పోతే వాళ్లమ్మ మమ్మల్ని ఒక్కటే అడిగింది: "మీ గార్డుకి ఇంజెక్షన్ వేయించారా అంకుల్?" మా దగ్గర జవాబు లేదు. మూడేళ్లు అన్నం పెట్టాం, పేరు పెట్టాం, ఫోటోలు తీసి పిల్లలకి పంపాం. సూది ఒక్కటి వేయించలేదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బతకడం దాదాపు ఉండదని తెలిసీ వేయించలేదు. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు రాసినవాళ్లం. ఎంట్రీ లేని పని జరగని పనే అని ఎంతమందికి చెప్పామో. ఆ రోజు తల దించుకుని వచ్చాం. మేము తీసుకున్నది ప్రేమ, తప్పించుకున్నది బాధ్యత. మర్నాడే గార్డుని పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాం. టీకా వేయించాం. తరవాత సంతానం కలగకుండా ఆపరేషన్ కూడా అయింది.

ఇప్పుడు చట్టం సంగతి. 2023 నాటి కేంద్రం నియమాల ప్రకారం కాలనీ కుక్కలకి అన్నం పెట్టే ఏర్పాటు చూడాల్సింది నివాసుల సంఘమే. పిల్లలు ఆడేచోట, రాకపోకల దారిలో కాకుండా వేరే చోటు చూపించాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఢిల్లీ కేసులో చెప్పింది ఇది: ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటినీ, మీదపడి కరిచేవాటినీ వదలకూడదు. నవంబర్ 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండులు, రైల్వే స్టేషన్లలోని కుక్కల్ని తీసేసి తిరిగి అక్కడ వదలవద్దంది. ప్లాట్‌ఫారం కుక్కలతో ఏళ్లు గడిపినా, దానికి మేము ఎదురు చెప్పం. జనం తొక్కిసలాడేచోట పిల్లల భద్రతే ముందు.

కాలనీలో మాత్రం అన్నం ఆపితే కుక్కలు పోవు. ఆకలితో చెత్తకుప్పల మీద పడతాయి, ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. మనిషి దగ్గరకు రానివ్వని కుక్కను పట్టి సూది వేయించడమూ కష్టమే.

కాబట్టి మీటింగులో మేము పెట్టే మాటలు ఇవి. అన్నం పెట్టడానికి ఒకే చోటు, ఒకే టైము. ప్రతి కుక్కకీ రిజిస్టరులో ఒక పేజీ: టీకా తేదీ, ఆపరేషన్ తేదీ, దాని బాధ్యత ఎవరిది. పేరు రాయడానికి ఒప్పుకోనివాళ్లు అన్నం పెట్టకూడదు. మీదపడే కుక్క ఉంటే మునిసిపాలిటీకి మనమే ముందు చెప్పాలి, అది మన గార్డయినా సరే.

రిజిస్టరు మేము కొనేశాం. మొదటి పేజీ రాసేశాం కూడా. ఆ పిల్లవాడి తల్లికి ముందు చూపించి, ఆ తరవాతే మీటింగుకి తెస్తాం.