వేడినీటి స్నానం: యంత్రానికీ పథ్యం అవసరమే

దినచర్యలో స్నానానికి మన వైద్యశాస్త్రం ఇచ్చిన స్థానం సామాన్యమైనది కాదు. స్నానం జఠరాగ్నిని పెంచుతుందనీ, ఆయుర్బలాలను వృద్ధి చేస్తుందనీ, దురదను, చెమటను, బడలికను పోగొడుతుందనీ వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. అభ్యంగనానికి ఏ నూనె మంచిది, నలుగుకు ఏ పిండి మేలు, తలకు కుంకుడు రసమా శీకాయా అని మనం ఎంతో శ్రద్ధగా విచారిస్తాము. ఆ నీటిని కాచే సాధనాన్ని గూర్చి మాత్రం ఆలోచించము. పొయ్యి మీది కాగు పోయింది, పెరటిలోని రాగి బాయిలరు పోయింది, స్నానాల గది గోడకు గీజరు వచ్చింది. సాధనం మారినప్పుడు జాగ్రత్త కూడా మారవలసి ఉన్నది. యంత్రాన్ని సరిగా నడపడం స్నానవిధిలో ఒక భాగమనీ, అది తెలియని ఇంట్లో ఎంత మంచి ఔషధమైనా నిష్ప్రయోజనమనీ నా దృఢమైన అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన కలిగినది కాదు. కొన్నేళ్ల క్రిందట సంక్రాంతికి మా ఇంట బంధువులు దిగారు. చలి ఎక్కువగా ఉన్నదని స్నానాల గది వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టాము. లోపల గ్యాసు గీజరు. వరుసగా నలుగురు స్నానం చేసిన తరువాత మా మేనకోడలు వెళ్లింది. బయటికి వస్తూనే తల తిరుగుతున్నదనీ, వికారంగా ఉన్నదనీ కూలబడింది. ఖాళీ కడుపున తలంటుకున్నది, పైత్యం చేసి ఉంటుందని ఇంట్లో పెద్దలందరమూ నిర్ణయించాము. శొంఠి, జీలకర్ర కషాయం ఇచ్చాము. వాకిట్లో గాలికి కూర్చున్నది, గంటలో తేరుకున్నది. కషాయం పనిచేసిందని సంతోషించాము. మరునాడు అదే గదిలో స్పృహ తప్పి పడిపోయింది. తలుపు గడియ విరగగొట్టి బయటికి తీసుకురావలసి వచ్చింది. ఆసుపత్రిలో వైద్యుడు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ ఇంట్లో నీళ్లు దేనితో కాస్తారు?" అని. ప్రాణవాయువు పెట్టి ఆ పిల్లను బ్రతికించారు. మొదటిరోజు ఆమెకు మేలు చేసినది మా కషాయం కాదు, వాకిట్లోని గాలి. ఆ సంగతి నేను నేటికీ మరువలేదు.

గ్యాసు సంపూర్ణంగా మండడానికి గాలి పుష్కలంగా కావాలి. మూసిన చిన్న గదిలో గాలి తరిగిపోగానే మంట అసంపూర్ణమై కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గ్యాసు లీకైతే వాసన వస్తుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ వాసన వంటగ్యాసులో కలిపిన మెర్కాప్టాన్ అనే పదార్థానిది. మంటలో అదీ కాలిపోతుంది. కనుక ముక్కును నమ్ముకోవడానికి వీలులేదు. తలనొప్పి, తలతిప్పుట, వికారం అనే తొలి లక్షణాలు అచ్చంగా పైత్యం వలెనే ఉంటాయి. స్నానాల గదిలో మొదలై, బయటి గాలికి తగ్గే తలతిప్పు పైత్యం కాదని అనుమానించాలి. అటువంటప్పుడు మనిషిని వెంటనే ఆరుబయటికి చేర్చి, గ్యాసు కట్టివేసి, 108కి ఫోను చేయాలి. ఇక్కడ చిట్కా వైద్యానికి తావులేదు. గృహవైద్యాన్ని ప్రేమించేవాడిగానే ఈ మాట అంటున్నాను. నిదానం లేని చికిత్స ఆయుర్వేదం అనిపించుకోదు.

గ్యాసు గీజరు స్నానాల గదిలో ఉండనే కూడదు. గాలి ధారాళంగా ఆడే బాల్కనీలోనో, పెరటి గోడకో బిగించి, వేడినీటిని మాత్రం గొట్టం ద్వారా లోపలికి తెచ్చుకోవాలి. మంట నీలంగా ఉండాలి. పసుపురంగుకు తిరిగితే శుభ్రం చేయించేదాకా వాడరాదు. స్థలం లేదంటారా, విద్యుత్ గీజరు పెట్టుకోండి. నాలుగు రూపాయల ఆదా కంటె ప్రాణం ముఖ్యం.

విద్యుత్ గీజరుకూ నియమాలున్నాయి. 2 కిలోవాట్ల గీజరు 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి సుమారు 20 నిమిషాలు చాలు. రాత్రంతా స్విచ్చి వేసి ఉంచడం కరెంటు దండుగ, పరికరానికీ చేటు. 16 ఆంపియర్ల ప్లగ్గు, సరియైన ఎర్తింగు, విద్యుత్ లీకైతే తక్షణం ప్రవాహాన్ని ఆపివేసే 30 మిల్లీఆంపియర్ల రక్షణ స్విచ్చి తప్పనిసరి. లోపలి ఆవిరి ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వు నుంచి నీటిబొట్లు పడుతున్నాయని దానిని బిగించి మూయించినవారు ఉన్నారు. అది చేజేతులా బాంబు తయారుచేసుకోవడమే. బోరునీటి సున్నపు పొర ఏటేటా తీయించాలి. ఇక బకెట్లో వేసే రాడ్డు విషయం. నీళ్లలో ముంచిన తరువాతనే స్విచ్చి వేయాలి. స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీటిని తాకాలి. లోహపు బకెట్టు పనికిరాదు.

60 డిగ్రీల నీరు ఐదు సెకన్లలో చర్మాన్ని తీవ్రంగా కాల్చగలదు. పసివాళ్లకు అంత వ్యవధి కూడా పట్టదు. అయినా ట్యాంకులో ఆ వేడి ఉండటమే మంచిది. గోరువెచ్చగా నిలిచిన నీటిలో లెజియొనెల్లా అనే, ఊపిరితిత్తులకు హానిచేసే సూక్ష్మజీవి పెరుగుతుంది. కనుక బకెట్టులో ముందు చన్నీళ్లు పట్టి, తరువాత వేడినీళ్లు కలిపి, మన అమ్మమ్మలు పసిబిడ్డ స్నానానికి చేసినట్లు మోచేతితో చూసుకోవాలి. కాగే నీరు ట్యాంకుకే పరిమితం, ఒంటికి సుఖోష్ణమే హితం. తలకు అదీ తగ్గించాలి. వేడినీరు క్రింది శరీరానికి బలమిస్తుందనీ, తలపై పోసుకుంటే జుట్టుకూ కళ్లకూ బలహీనతను తెస్తుందనీ వాగ్భటుడు స్పష్టంగా హెచ్చరించాడు. షవరు క్రింద నిలబడి వేడినీరు నెత్తిన కుమ్మరించుకునేవారు ఇది గమనించాలి.

అమెరికాలోని పిల్లల ఇళ్లకు వెళ్లే తల్లిదండ్రులకు మరొక మాట. అక్కడ కొన్ని ఇళ్లలో పెరట్లో ఈతకొలను, పక్కన హాట్ టబ్ ఉంటాయి. మోకాళ్ల నొప్పులకు మంచిదని పిల్లలు దింపుతారు. ఇది మనకు కొత్త కాదు. చరకుడు సూత్రస్థానం 14వ అధ్యాయంలో చెప్పిన పదమూడు స్వేదాలలో అవగాహం ఇటువంటిదే. అయితే గర్భిణికి, రక్తపిత్తం, మధుమేహం ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి స్వేదం కూడదని అక్కడే నిషేధించాడు. ఆధునిక వైద్యమూ దాదాపు అదే చెబుతున్నది. వేడికి రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది, బి.పి. మాత్రలు వేసుకునేవారు లేవగానే తూలిపడవచ్చు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు. నీటి వేడి 40 డిగ్రీలు మించరాదు, పది పదిహేను నిమిషాలకు మించి కూర్చోరాదు, ఒంటరిగా దిగరాదు. యంత్రం చూపే అంకెతో తృప్తి పడక వేరే థర్మామీటరుతో చూసుకోవాలి. నీటిని తిప్పే పంపు నడుస్తుండగానే హీటరు వేయాలి. వడపోత మూసుకుపోతే హీటరు చెడుతుంది. వేడినీటిలో క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది గనుక దానిని తరచు పరీక్షించాలి. 1999లో నెదర్లాండ్స్‌లోని ఒక పుష్పప్రదర్శనలో, ప్రదర్శనకు పెట్టిన వేడినీటి తొట్టె తుంపరల వలన లెజియొనెల్లా వ్యాపించి ముప్పైమందికి పైగా మరణించారు. వారిలో చాలామంది తొట్టెలో దిగినవారు కారు, పక్కనుంచి నడిచి వెళ్లినవారు.

"ఇన్ని నియమాలా, హాయిగా స్నానం చేయవద్దా?" అని కొందరు విసుక్కోవచ్చు. మన శాస్త్రం స్నానానికి ఇంతకంటె ఎక్కువ నియమాలే పెట్టింది. భోజనం కాగానే వద్దన్నది, అజీర్ణంలో వద్దన్నది, పీనసలో వద్దన్నది. ఎవరికి, ఎప్పుడు, ఎంత అని అడగనిదే వేడిని ప్రయోగించలేదు. యంత్రం ఆ ప్రశ్నలు వేయదు. స్విచ్చి వేసిన ప్రతివారికీ ఒకే వేడిని ఇస్తుంది. కనుక ఆ ప్రశ్నలు ఇంటి యజమాని, ఇల్లాలు వేసుకోవాలి.

ఈ సంచిక చదివి ప్రక్కన పెట్టే ముందు ఒక్కసారి మీ స్నానాల గదిలోకి వెళ్లి చూడండి. వెంటిలేటరుకు అట్టముక్క ఉంటే తీసివేయండి. గ్యాసు గీజరు లోపల ఉంటే రేపే మనిషిని పిలిపించండి. నలుగుపిండి సంగతి ఆ తరువాత తీరికగా మాట్లాడుకుందాము.