అసూయ ముందుగా కాల్చేది తన ఇంటినే!

మహాశివరాత్రి వచ్చిందంటే మా కురవి వీరభద్రస్వామి జాతరకు వచ్చే జనంతో కిటకిటలాడుతుంది. వీరభద్రుని పుట్టుకకు కారణమైన దక్షయజ్ఞం కథ ఇక్కడ అందరికీ తెలిసిందే. మాకు పొరుగునే జనగామ జిల్లాలో ఉన్న బమ్మెర పోతన ఊరంటారు. ఆయన తెలుగు చేసిన భాగవతం నాలుగో స్కంధంలో ఈ కథ ఉంది. దక్షుడు సభలోకి రాగానే సభాసదులంతా లేచి నిలబడ్డారు. ఆయన తండ్రి బ్రహ్మ కాక, లేవనిది అల్లుడైన శివుడొక్కడే. లేచిన వారెవరూ దక్షుని కంటికి ఆనలేదు. లేవని ఆ ఒక్కడే ఆయన గుండెలో ముల్లయ్యాడు. అల్లుణ్ణి పిలవకుండా యజ్ఞం తలపెట్టాడు. పిలవకున్నా పుట్టింటికొచ్చిన కూతురు అవమానంతో ప్రాణం విడిచింది. యజ్ఞం ధ్వంసమైంది. దక్షుడు తల పోగొట్టుకుని, చివరికి మేకతలతో బతకవలసి వచ్చింది.

బైబిల్ చదివేవారికి ఈ కథ వినగానే హామాను గుర్తొస్తాడు. పారసీక సామ్రాజ్యంలో రాజు తర్వాత అంతటివాడు. రాజు గుమ్మం దగ్గర అందరూ అతనికి వంగి నమస్కరించేవారు. మొర్దెకై అనే యూదుడు మాత్రం లేవలేదు, కదల్లేదు. హామాను ఇంటికెళ్లి భార్యను, స్నేహితులను కూర్చోబెట్టి తన సంపదను, కొడుకులను, రాజు ఇచ్చిన హోదాను, రాణి విందుకు తనను మాత్రమే పిలిచిన ఘనతను ఏకరువు పెట్టాడు. ఇన్ని చెప్పి, ఆ మొర్దెకై కనబడుతున్నంతకాలం ఇవేవీ తనకు ప్రయోజనం లేనివన్నాడు (ఎస్తేరు 5:9–13). అతని కోసం 50 మూరల ఎత్తు ఉరికొయ్య నాటించాడు. చివరికి దానిమీద వేలాడింది హామానే!

హామానుది గర్వమే గాని అసూయ కాదంటారేమో! ఆ రెంటికీ వేరు ఒక్కటే. తనకు దక్కిన తొంభై తొమ్మిదిని మరచి, దక్కని ఒక్కదాన్నే లెక్కపెట్టడమే అసూయ. సౌలు రాజు చెవికి కూడా స్త్రీలు తనను పొగిడిన మాట వినబడలేదు, దావీదును తనకంటే ఎక్కువ పొగిడిన మాటే వినబడింది (1 సమూ 18:7–9). పక్కవాడి మిరపచేను బాగా కాస్తే, వాడి కొడుక్కి ఉద్యోగమొస్తే ‘కళ్లలో నిప్పులు పోసుకున్నాడు’ అంటారు మన పెద్దలు. ఆ నిప్పులు పడేది ఎవరి కళ్లలోనో గమనించారా?

పంచతంత్రంలో రెండు తలల పక్షి కథ ఉంది. తలలు రెండు, కడుపు ఒకటే. ఒక తలకు తియ్యని పండు దొరికితే రెండో తలకు పెట్టకుండా తినేసింది. కడుపు మండిన రెండో తల, దాని మీద కక్షతో విషపు పండు తినింది. పక్షి చచ్చింది. ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన సంఘాలే గుర్తొస్తాయి. మనమంతా క్రీస్తు శరీరమని, ఒక అవయవానికి ఘనత కలిగితే మిగిలినవన్నీ సంతోషించాలని పౌలు రాశాడు (1 కొరింథీ 12:26). మనమేమో పక్క సంఘంలో జనం పెరిగితే ప్రార్థన మానేసి, వారి బోధలో తప్పులు వెదుకుతాం.

నేనూ దీనికి అతీతుణ్ణి కాను. కొన్నేళ్ల క్రితం ఒక యువ సేవకుడు మా దగ్గరలోనే కూడిక మొదలుపెట్టాడు. మా సంఘం నుంచి నాలుగు కుటుంబాలు అటు వెళ్లాయి. ఆయన మందిర ప్రతిష్ఠకు పిలిచాడు. ఒంట్లో బాగోలేదని చెప్పి నేను వెళ్లలేదు. నిజానికి బాగోలేనిది నా మనసు. ఒకరోజు ఆ నాలుగు కుటుంబాల గురించే వాపోతుంటే, మా సంఘంలోని ఒక పెద్దమ్మ అంది: “అయ్యగారూ, పోయినోళ్ల పేర్లు రోజూ చెప్తున్నరు. ఉన్న మా పేర్లు యాదికున్నయా?” సెమినరీలో నేర్చుకోని పాఠం ఆమె నేర్పింది. ఆ వారమే ఆయన ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను. ఇద్దరం కలిసి మోకరించాం.

కథలు అసూయాపరుడికి దక్కిన శిక్షతో ముగుస్తాయి. సువార్త అక్కడ ఆగదు. ప్రధానయాజకులు యేసును అసూయతోనే అప్పగించారని పిలాతుకు కూడా తెలుసు (మత్తయి 27:18). అలా అప్పగించినవారి కోసం కూడా ఆయన సిలువపై క్షమాపణ వేడుకున్నాడు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో, తమ్ముని కోసం జరిగే విందు చూసి ఓర్వలేక అన్న బయటే నిలబడిపోయాడు. తండ్రి అతణ్ణి శిక్షించలేదు. విందు వదిలి బయటికొచ్చి బతిమాలాడు, తనదంతా అతనిదేనని గుర్తుచేశాడు (లూకా 15:28–32). ఆ అన్న లోపలికెళ్లాడో లేదో యేసుప్రభువు చెప్పలేదు. ఆ ముగింపు మన చేతుల్లోనే ఉంచాడు.

ఈ వారం ఎవరి మేలు చూసి మన కడుపు మండిందో, వారి పేరు పెట్టి దేవునికి స్తుతి చెల్లిద్దాం. ఒక్కసారితో మంట ఆరకపోవచ్చు. ఆరేదాకా స్తుతిద్దాం. విందు ఇంకా జరుగుతూనే ఉంది. తండ్రి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.