జీవితకాలపు హిబా: రాసేముందు ఆలోచించండి

"నా భార్య బతికినంత కాలం ఈ ఇల్లు ఆమెది, ఆ తర్వాత నా అన్నదమ్ములది" అని హిబానామా రాయించే పెద్దలు మనలో ఉన్నారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ రాతకు షరీఅత్ ఏ అర్థం చెబుతుందో తెలియకుండా సంతకం చేయటం తగదని మేము భావిస్తున్నాం.

ఇలాంటి దానాన్ని అరబ్బీలో 'ఉమ్రా' అంటారు. మక్కా యాత్ర ఉమ్రా వేరు, ఇది వేరు. ఈ విధంగా ఇచ్చిన సొత్తు పుచ్చుకున్నవారికి, వారి వారసులకే చెందుతుందని మహాప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. అందువల్ల హనఫీ ఫిఖహ్ ప్రకారం హిబా నిలుస్తుంది, 'తిరిగి రావాలి' అనే షరతు రద్దవుతుంది. ఇల్లు ఆమె సొంతమవుతుంది. ఆమె తదనంతరం ఆమె వారసులకు పోతుందే తప్ప మరుదులకు తిరిగి రాదు.

మరి ఉండటానికి మాత్రమే ఇవ్వదలిస్తే? సొత్తు (ఐన్) వేరు, దాని ఫలభోగం (మనాఫి) వేరు. 1948లో నవాజిష్ అలీ ఖాన్ కేసులో ప్రీవీ కౌన్సిల్ ఈ తేడాను గుర్తించి, జీవితకాలపు ఫలభోగం ఇవ్వవచ్చని చెప్పింది. కనుక ఇస్తున్నది ఇల్లా, నివాసమా అన్నది రాతలోనే తేలాలి.

హిబాకు ప్రకటన, అంగీకారం, స్వాధీనం మూడూ తప్పనిసరి. ఇవి ఉంటే రిజిస్ట్రేషన్ లేకున్నా చెల్లుతుందని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. స్వాధీనం లేని ఉత్త కాగితం మాత్రం వితంతువుకు నీడ ఇవ్వదు.

మనం ఖబరుకు చేరాక మన ఉద్దేశం ఏమిటో చెప్పేవారుండరు. బతికుండగానే ఆలిమ్‌ను, వకీలును అడిగి, అయినవారి ఎదుట మాట తేల్చుకోవటం మన బాధ్యత.