బేస్తవారం ఫోను

పాలంపేటలో మా అన్న ప్రతి బేస్తవారం పొద్దున ఫోను ఆపేసి పొలానికి పోతాడు. ఎందుకో వదినకు చాలారోజులు తెలియలేదు.

శ్రావణంలో, ఏడో నెలలో, వదిన కడుపు పోయింది. వరంగల్ తీసుకుపోయినా దక్కలేదు. బిడ్డను ఆ రోజే పూడ్చిపెట్టారు. పేరు లేదు, పెద్దకర్మ లేదు. 'ఏడవకు, మళ్ళ అయితరు' అన్నారు పెద్దలు. తొమ్మిదోనాడు అన్న ఫోను మోగింది. రికార్డు చేసిన తియ్యటి గొంతు: బిడ్డ కదలికలు లెక్కపెడుతున్నారా? ఆ తర్వాతి బేస్తవారం: కాన్పుకు బట్టలు సర్దుకున్నారా?

టేపు మీద నాకు కోపం లేదు. దానికి వారాలు లెక్కపెట్టడం నేర్పి, ఆగడం నేర్పనివాళ్ల మీదే నా కోపమంతా. చివరి నెలసరి తేదీ ఒక్కటి ఎక్కిస్తే చాలు, ఏ వారం ఏ మాట చెప్పాలో యంత్రమే లెక్కగడుతుంది. 2016 జనవరిలో మొదలైన కేంద్రం వారి కిల్కారీ ఫోను సేవ ఇదే పద్ధతిలో, నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా 72 కాల్స్‌గా సాగుతుంది. ఆసుపత్రి దూరమైన పల్లెలకు ఇలాంటి ఫోను మేలే, కాదనను. కానీ ఇలాంటివి తయారుచేసే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నా: అన్ని మాటలు రాసినవాళ్లకు, బిడ్డ పోయిన తల్లికి చెప్పాల్సిన ఒక్క మాట తట్టదా? ఒళ్లో బిడ్డ లేకున్నా పాలు పడతాయని, రక్తం ఆగకపోతే ఎక్కడికి పోవాలో చెప్పరా? 'ఇక వద్దు' అనడానికి ఒక్క అంకె నొక్కే వీలు పెట్టరా?

బిడ్డ పోయిన సంగతి ఊరి ఆశా కార్యకర్త ఆ రోజే రిజిస్టర్‌లో రాసుకుంది. ఆ కాల్స్ ఆపమని ఒక ఆఫీసుకు పోతే, 'ఆన్‌లైన్ల ఎక్కలే, ఎక్కినంక అదే ఆగుతది' అన్నారు. ఎవరు ఎక్కించాలంటే తలెత్తలేదు.

2018లో, అప్పట్లో అమెరికా పత్రిక వాషింగ్టన్ పోస్ట్‌లో పనిచేస్తున్న గిలియన్ బ్రాకెల్‌కూ బిడ్డ కడుపులోనే పోయింది. పసిపిల్లల సామాన్ల ప్రకటనలు మాత్రం ఆన్‌లైన్‌లో వెంటాడాయి. 'నేను గర్భిణినని పసిగట్టినవాళ్లకు బిడ్డ పోయిందని తెలియలేదా' అని టెక్ కంపెనీలను బహిరంగ లేఖలో నిలదీసింది. లోకం చదివింది. మా వదిన ఎవరికి రాయాలి? ఫోను కూడా తనది కాదాయె.

మార్గశిరంలో ఒక బేస్తవారం అన్న ఫోను ఆపడం మరిచి, ఇంట్లోనే వదిలిపోయాడు. బాబుకు ఆరు వారాల టీకాలు వేయించారా అని అడిగిందట గొంతు.

"లేడమ్మా" అని చెప్పిందట వదిన. గొంతు టీకాల పేర్లు చదువుకుంటూ పోయింది.