గీత మార్చండి, బడి మూయకండి

నల్లగొండ, పాలమూరు ఉమ్మడి జిల్లాల తల్లిదండ్రులకు, సర్పంచులకు, ఉపాధ్యాయులకు విన్నపం

2016 దసరా నాడు నల్లగొండ మూడు జిల్లాలైంది. పాలమూరు నాలుగై, 2019లో నారాయణపేటతో ఐదైంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. పట్టణాల చుట్టూ పొలాలు ప్లాట్లై, ప్లాట్లు కాలనీలయ్యాయి. ఇన్ని హద్దులు మార్చినవాళ్లం, ఏ ఆవాసం పిల్లలు ఏ ప్రాథమిక బడి పరిధిలోకి వస్తారన్న జాబితాను అంత పట్టుదలగా ఎప్పుడైనా తిరగేశామా?

ఆ జాబితాతో మనకేం పని అనుకోకండి. సర్కారు బడిలో చేరడానికి ఏ పిల్లకూ హద్దు అడ్డురాదు, నిజమే. కానీ బడిబాటలో టీచర్లు ఏ గడప తొక్కాలి, దూరంగా ఉన్న పిల్లలకు రవాణా భత్యం వస్తుందా రాదా, ఇవన్నీ ఆ జాబితా గీసే గీత మీదే తేలుతాయి. ప్రైవేటు బడి పసుపు బస్సుకు ఏ గీతా లేదు, తండా మూలమలుపు దాకా వచ్చి హారన్ కొడుతుంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలి. నడక దూరం అంటే కాకి ఎగిరే దూరం కాదు. పటం మీద రెండు చుక్కల మధ్య ఎనిమిది వందల మీటర్లే ఉండవచ్చు. నడుమ వాగుంటే? వాన కురిసిన నాడు చుట్టు తిరిగి రావాల్సిందే. నడుమ జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారో, చిట్యాల, సూర్యాపేట మీదుగా పోయే 65వదో ఉంటే? రెండో తరగతి పిల్ల బ్యాగులో కంచం, నీళ్ల సీసా పెట్టుకొని డివైడర్ పక్కన నిలబడుతుంది. లారీ పోయింది కదా అని అడుగేస్తే వెనక నుంచి కారు. ఆ పిల్లకు దగ్గరి బడి రోడ్డుకు ఇవతల, పక్క పంచాయతీలో ఉండవచ్చు. కానీ కాగితం మీద ఆమె అవతలి బడి పిల్ల.

ఇవతలి బడిలో పిల్లలు తక్కువ. ఉన్నది ఒక్కరే సార్. నల్లబల్ల నడుమ సుద్దముక్కతో నిలువుగీత గీసి, ఒకవైపు ఒకటో తరగతికి అక్షరాలు, మరోవైపు నాలుగో తరగతికి భాగాహారం రాస్తారు. ఎంఈవో ఆఫీసులో మీటింగుంటే ఆ రోజు చదువు లేనట్టే. ఇంకో ఏడాదికి ‘పిల్లల్లేరు, విలీనం చేద్దాం’ అంటారు. పక్క కాలనీ పిల్లలను ఈ పరిధిలోకి తెచ్చి చూడకుండా ఆ మాట అనడం న్యాయమా? 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117వ నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు. తల్లిదండ్రులు బడి గేట్ల ముందు బైఠాయించారు. చివరికి 2025లో ఆ జీవోనే వెనక్కి తీసుకున్నారు. ఆఫీసులో కూర్చొని గీసే గీతకు మన దగ్గరా అదే గతి పడుతుంది.

ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. ‘తండా పిల్లలు మా ఊరి బడికెందుకు’ అని గొణిగేవాళ్లు మనలోనే ఉన్నారు. పరిధి మార్పుకు దూరం కన్నా ఈ గొణుగుడే పెద్ద అడ్డం. దీన్ని గ్రామసభలోనే, అందరి ముందూ ఎదుర్కోవాలి.

చేయాల్సింది ఇది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, కమిటీ సభ్యుల్లో సగం స్త్రీలుండాలని చట్టం చెప్పింది. వేసవి సెలవులకు ముందే ఆ తల్లులు, టీచరు, పంచాయతీ కార్యదర్శి కలిసి ప్రతి ఆవాసం నుంచి బడిదాకా పిల్లలు నడిచే బాటలోనే నడవాలి. వాగు, హైవే, కుక్కల గుంపు, కరెంటు తీగలు అన్నీ రాసుకోవాలి. పొరుగు పంచాయతీని, అవసరమైతే పొరుగు మండలాన్ని కూడా కూర్చోబెట్టి పరిధులు తేల్చాలి. కిలోమీటరు దాటిన ఆవాసానికి రవాణా భత్యం అడగాలి, లేదా కొత్త బడి అడగాలి. ఈ పని ముగిసేదాకా ఏ బడినీ మూయకూడదు, విలీనం చేయకూడదు.

ఆ వివరాలతో గ్రామసభ తీర్మానం రాయించి, జూన్‌లో బడులు తెరవకముందే ఎంఈవోకు, డీఈవోకు, కలెక్టరుకు ఇవ్వండి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవకండి.